తోలుబొమ్మ ఉపమానం ఎంతవరకు?

అనంతపురం సీమలో, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మను చూపి, చిప్పులపై కాంతితో గీతలు దించే పద్ధతిని బోధించడం సొగసైన ఊహే. రంధ్రాల బొమ్మ అచ్చు. తెర, మైక్రానుకు లోపు మందంగల పాలిమర్ పొర. కాని "కాంతి పొరను చెక్కుతుంది" అనగానే పాఠం దారి తప్పుతున్నది. కాంతి చెక్కదు, కరిగే గుణాన్ని మారుస్తుంది, అంతే. పాలీవినైల్ సిన్నమేట్ పొరలో వెలుగు తగిలినచోట పొడుగాటి అణువులు అడ్డబంధాలతో ముడిపడి ద్రావణికి లొంగవు; నీడలోని భాగం కరిగిపోతుంది. (1820లలో నియెప్స్ బిట్యుమెన్‌తో చేసినదీ ఇదే సుమా!) పైగా తోలుబొమ్మ రంగుల గుండా కూడా వెలుగు వస్తుంది, ఆ అచ్చులో రాకూడదు.

అసలు పొరపాటు మరొకటి. బొమ్మ తెరకు దూరమైతే నీడ అంచు మసకబారడానికి దీపం వెడల్పు కారణం. సన్నని గీతల దగ్గర వివర్తనం కారణం. దీపాన్ని ఎంత చిన్నది చేసినా ఈ రెండో మసక పోదు.