రాయిని పిండి చేసి, పిండిని గాలించి

బియ్యం గాలిస్తే అడుగున మిగిలేవి పారేయాల్సిన రాళ్లు. కోలారు పల్లెల్లో మట్టిని గాలించేవాళ్లకు అడుగున మిగిలిందే బంగారం. ఘన సెంటీమీటరు బంగారం 19 గ్రాములకు పైనే తూగుతుంది. అంతే ఇసుక మూడు గ్రాములైనా ఉండదు. పళ్లెం తిప్పే చేతికి ఈ తేడా తెలిస్తే చాలు, మిగతాది నీరే చూసుకుంటుంది.

1802లో మైసూరు సరిహద్దు సర్వే చేస్తున్న జాన్ వారెన్ ఇక్కడి బంగారం కబురు విని ఆరా తీశాడు. ఊళ్లవాళ్లు మట్టి కడిగి రేణువులు తీసి చూపించారు. మారికుప్పం దగ్గర గుంతల్లోంచి మగవాళ్లు రాళ్లు అందిస్తే ఆడవాళ్లు వాటిని దంచి, ఆ పొడిని కడిగేవారు. గని చరిత్రలు దొరల పేర్లతో మొదలవుతాయి గానీ, ఆ దొరలకు చోటు చూపింది ఈ గుంతలే.

ఉత్తరాన, ఒకప్పటి నిజాం రాజ్యంలో ఉండిన హట్టిలో పాతకాలపు వాళ్లు బంగారం కోసం 600 అడుగులకు మించి దిగారు. మందుగుండు లేదు. రాతిని మంటతో కాల్చి, నీళ్లు చల్లి పగలగొట్టేవారు. అంత లోతున ఆ పొగలో ఊపిరి ఎలా ఆడిందో!

కోలారులో 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ పెత్తనం. స్టాంపు మిల్లుల ఇనుప రోకళ్లు రాయిని నీళ్లతో కలిపి దంచేవి. ఆ బురద పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా పారుతుంటే పాదరసం బంగారాన్ని పట్టుకునేది. ఆ ముద్దను బట్టీలో వేడిచేస్తే పాదరసం ఆవిరై పోయి బంగారం మిగిలేది. మరీ సన్నని రేణువులు మాత్రం చిక్కకుండా ఇసుకతో కొట్టుకుపోయేవి. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంటు తీసుకున్న సైనైడ్ పద్ధతి వాటినీ వదల్లేదు. బాగా పలుచన చేసిన సైనైడ్ నీళ్లకు గాలి తోడైతే అందులో బంగారం కరిగిపోతుంది. ఆ నీళ్లకు జింకు తగిలిస్తే నల్లటి బురదై విడివడుతుంది. వెలిగారం వేసి కరిగిస్తే పసుపు బంగారం బయటపడుతుంది. బరువును, పాదరసాన్ని నమ్ముకున్న పనికి సైనైడ్ తోడైంది అప్పుడే. చేతి పనితనం తగ్గింది, విషం పెరిగింది.

కోలారులోని చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అడుగున రాయి 60 డిగ్రీలు మించిన వేడి. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలి మనుషుల మీద పడేది. తమిళులతో పాటు చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ అక్కడ పనిచేశారు. టన్ను రాయికి దొరికే గ్రాములు తగ్గుతూ పోయి, ఖర్చు గిట్టక 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి.

సైనైడ్ పిండేసిన ఇసుక గుట్టలు ఇంకా ఊరి మధ్యే ఉన్నాయి. వాటిలో కాస్త బంగారం మిగిలే ఉందని, మళ్లీ శుద్ధి చేయాలని కొన్నేళ్లుగా మాట సాగుతోంది. ఈలోగా గాలి రేగితే ఆ దుమ్ము పడేది గని కార్మికుల ఇళ్ల మీదే.