కుట్టని పొట్ట

ఆదోని పత్తి మార్కెట్ పక్కన పెరిగినవాణ్ణి. గాయం అనగానే నాకు దూదీ, గాజుగుడ్డా గుర్తొస్తాయి. ఆపరేషన్ తర్వాత కుట్టకుండా తెరిచి ఉంచిన పొట్టలో పేగుల మీద మొదట వేసేది గుడ్డ కాదని తెలిసి విస్తుపోయాను. పొడి గాజుగుడ్డ పేగుకు అంటుకుంటుంది. మార్చేటప్పుడు లాగితే పేగుకు చిల్లి పడొచ్చు. పైన కప్పే చర్మం లేని చోట పడిన ఆ చిల్లిని మాన్పడం ఎంతటి సర్జన్‌కైనా గండమే. అందుకే పేగును తాకేది అంటుకోని ప్లాస్టిక్ పొర. పత్తికి చోటు ఆ పైనే.

పేగు చిల్లిపడి పొట్టంతా చీము నిండినప్పుడు, ప్రమాదంలో రక్తం బాగా పోయినప్పుడు పేగులు ఉబ్బిపోతాయి. బలవంతాన కుడితే లోపలి ఒత్తిడికి మూత్రం ఆగుతుంది, ఊపిరితిత్తులు విచ్చుకోవు. ఆ ఒత్తిడిని మూత్రపు గొట్టంలోంచే, 25 మిల్లీలీటర్లు మించని సెలైన్‌తో కొలుస్తారు. పాదరసం 20 మిల్లీమీటర్లు దాటి నిలిచి, అవయవాలు మొరాయిస్తే పొట్ట తెరవాల్సిందే.

1984లో కొలంబియాలోని బొగోటాలో ఓస్వాల్డో బొరాయెజ్ అనే యువ సర్జన్, మూతపడని పొట్టకు సెలైన్ సంచిని కోసి, విప్పి, అంచుల వెంట కుట్టాడు. ఆ ఊరి పేరుతోనే అది బొగోటా సంచి అయింది. ఖరీదు దాదాపు ఏమీ లేదు. పైగా దానిలోంచి పేగులు కనిపిస్తాయి: గులాబీ రంగుంటే ఊరట, నల్లబడితే వెంటనే మళ్లీ థియేటర్. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు 100 కిలోమీటర్లు. రక్తం ఆపి, కడిగి, సంచి కప్పి పంపగలిగితే మిగతా ఆపరేషన్ అక్కడ చేయొచ్చు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

అసలు నేర్పు ఆ తర్వాత, పొట్టను మళ్లీ మూయడంలో కనిపిస్తుంది. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో, మగ్గం ముందు కూర్చుని చూశాను. నేసే బట్ట అంచులు లోపలికి ముడుచుకుపోతుంటే అడ్డంగా బద్ద పెట్టి చాచి ఉంచుతారు. పొట్టది దీనికి తిరగబడ్డ కథ. కండరాల అంచులు రోజురోజుకూ పక్కలకు జారుకుంటాయి. అందుకని రెండంచుల మధ్య వల కుట్టి, ఒకటి రెండు రోజులకోసారి కడిగినప్పుడల్లా దాన్ని నడిమికి కోసి, బిగించి మళ్లీ కుడతారు. ఎంత బిగించాలో చేతికే తెలియాలి: తక్కువైతే అంచులు జారిపోతాయి, ఎక్కువైతే ఒత్తిడి మళ్లీ మొదటికొస్తుంది. వారం లోపు మూయగలిగితే మేలు.

ఈలోగా నర్సమ్మ పని ఎవరి లెక్కలోకీ రాదు. పొట్టలోంచి సక్షన్ సీసాలోకి చేరే నీరు ఎంతో గంటగంటకూ రాస్తుంది. ఆ నీటితో మాంసకృత్తులూ పోతాయి కనుక ముక్కు గొట్టంలో ఆహారం పట్టిస్తుంది, రసి తగిలిన చర్మం ఒరుసుకుపోకుండా తుడుస్తుంది. రాత్రి రెండింటికి కూడా టార్చి వేసి, ఆ ప్లాస్టిక్‌లోంచి పేగు రంగు చూస్తుంది.