ఎక్కుపెట్టిన విల్లు – ఎదురునిలిచిన మృగం: తెలుగు కథనాలలో వేటగాడు, తల్లిమృగం

వ్యాససంగ్రహం:

విల్లు ఎక్కుపెట్టిన వేటగానికి, తన పిల్లనో తోడునో కాపాడుకొనే మృగం ఎదురుపడే ఘట్టం తెలుగువారి కథాసంప్రదాయంలో పలుమార్లు కనిపిస్తుంది. పురాణేతిహాసాలు ఆ మృగానికి మాటనిచ్చాయి. అహోబిల ప్రాంతంలోని చెంచుల కథ దానికి బంధుత్వాన్నిచ్చింది. డా. కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’ ఈ రెండింటినీ తీసివేసి, మాటరాని తల్లిజంతువు ముందు మనిషిని నిలబెట్టింది. ఈ మూడు పద్ధతులను పోల్చి, మృగంపై చూపిన కరుణను మాత్రమే చూసే విమర్శ వేటగాని ఆకలిని, అతని అడవి జ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోలేకపోతున్నదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వేట, తల్లిమృగం, చెంచులు, అహోబిలం, పార్వేట, కేశవరెడ్డి, రాయలసీమ సాహిత్యం.

1. ప్రవేశిక:

కుందూనది పరీవాహకంలోని కోయిలకుంట్ల నల్లరేగడి సీమ. అక్కడి నుండి తూర్పుగా ఆళ్ళగడ్డ మీదుగా సాగితే చేలు ముగిసి నల్లమల మొదలయ్యే చోట అహోబిలం ఉంది. సేద్యానికి, అడవికి నడుమనున్న ఈ సరిహద్దు ప్రాంతంలో విల్లు చాలాకాలం బతుకుతెరువు పనిముట్టు. నల్లమల చెంచులకు విల్లమ్ములతో ఉన్న సంబంధం తెలుగువారందరికీ తెలిసినదే. అయితే చెంచు జీవితమంటే వేట ఒక్కటే కాదు. 1943లో వెలువడిన హైమెండార్ఫ్ గ్రంథం చెంచుల ఆహారంలో వేట కంటె గడ్డలు తవ్వుకోవడానికి, అడవి ఫలాల సేకరణకు ఎక్కువ స్థానం ఉన్నట్లు చూపింది. అడవిలో తిరిగే మనిషికి ప్రతి జంతువూ వేట కాదు. కొన్ని తారసపడేవి, కొన్ని తప్పుకోవలసినవి.

తెలుగు సాహిత్యంలో వేట వర్ణనలపై పరిశోధనలు లేకపోలేదు. ప్రబంధాలలోని మృగయావినోదం, కిరాతుల వేషభాషలు, కుక్కల పేర్లు, వలల రకాలు మొదలైన విషయాలను పరిశోధకులు చర్చించారు. వేట ఆగిపోయే క్షణం మాత్రం అంతగా చర్చకు రాలేదు. వేటగాడు బాణం విడవబోతాడు, మృగం పారిపోక నిలబడుతుంది. అది ఎందుకు నిలబడింది, ఆ తరువాత ఏమి జరిగింది అన్న రెండు ప్రశ్నలకు ఒక్కొక్క కథనం ఇచ్చిన సమాధానంలో ఆ కథనపు లోకదృష్టి తెలుస్తుంది.

2. బాణం తగిలిన తరువాత వచ్చిన మాట:

నన్నయ ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని పాండురాజు వేట ఈ చర్చకు తొలిమెట్టు. జింక రూపంలో భార్యతో క్రీడిస్తున్న కిందముడనే మునిని పాండురాజు బాణంతో కొడతాడు. ఆ మృగం మనుష్యభాషలో రాజును నిలదీస్తుంది. వేట రాజధర్మమని పాండురాజు సమర్థించుకుంటాడు. వేటాడటం తప్పని మృగం అనదు. వేటకూ ఒక సమయం, ఒక హద్దు ఉంటాయని, జంటగా ఉన్నప్పుడు కొట్టడం ఆ హద్దును దాటడమని దాని వాదం.

ఇక్కడ గమనించవలసినవి రెండు విషయాలున్నాయి. మొదటిది, మృగానికి మాట బాణం తగిలిన తరువాతనే వచ్చింది. ఆ మాట ప్రాణాన్ని కాపాడలేదు, శాపంగా మారి వేటగాని భవిష్యత్తును నిర్ణయించింది. రెండవది, ఆ మాటకు అధికారం వచ్చింది మృగమైనందువల్ల కాదు, ముని అయినందువల్ల. అక్కడున్నది నిజంగా జింకే అయివుంటే పాండురాజుకు శాపమూ లేదు, పశ్చాత్తాపమూ లేదు. వేటకు హద్దులుండాలన్న భావన కథలో ఉన్నా, ఆ హద్దును గుర్తుచేసే అర్హత మృగానికి మృగంగా దక్కలేదు.

3. బాణానికి ముందు వచ్చిన మాట:

శివపురాణంలోని శివరాత్రి వ్యాధుని కథ ఈ క్రమాన్ని తిప్పివేసింది. పురాణప్రవచనాల ద్వారా తెలుగు నేలపై ఎంతో ప్రచారం పొందిన ఈ కథలో గురుద్రుహుడనే వేటగాడు ఆకలితో ఉన్న కుటుంబం కోసం విల్లు పట్టుకొని నీటిపట్టున మారేడుచెట్టెక్కి కాచుకొని ఉంటాడు. నీళ్ళకు వచ్చిన ఆడజింకపై విల్లు ఎక్కుపెడతాడు. పిల్లలను తనవారికి అప్పగించి తిరిగివస్తానని జింక మాట ఇస్తుంది. వేటగాడు నమ్మి విడిచిపెడతాడు. చివరకు జింకలన్నీ పిల్లలతో సహా తిరిగివచ్చి అతని ముందు నిలుస్తాయి. వేటగాడు విల్లు దించుతాడు, శివానుగ్రహం పొందుతాడు.

తల్లి గడువు కోరి, మాట నిలుపుకొని తిరిగిరావడమనే ఈ కథాంశమే అనంతామాత్యుని భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదంలోనూ ఉంది. అక్కడ వేటగాని స్థానంలో పులి ఉంది. చంపబోయేవాడు మనిషైనా మృగమైనా తల్లి చేసే పని ఒక్కటే. ఆమె తన ప్రాణం కోసం ప్రాధేయపడదు, బిడ్డ కోసం కొంత గడువు అడుగుతుంది.

వ్యాధుని కథలో ఇంతగా చర్చకు రాని అంశం మరొకటి ఉంది. ఆ రాత్రి చెట్టుమీద ఉన్నదీ బిడ్డలున్నవాడే, చెట్టుకింద ఉన్నదీ బిడ్డలున్నదే. ఒకరి బిడ్డల ఆకలి తీరాలంటే మరొకరి బిడ్డలు తల్లిని కోల్పోవాలి. కథ ఈ సంఘర్షణను ఎంతో నిజాయితీగా నిలబెట్టింది. కానీ పరిష్కారం దగ్గర ఒక పక్షాన్ని వదిలివేసింది. జింకల సత్యసంధత ముందు వేటగాడు కరిగిపోయాడు, వరం పొందాడు. అతని కోసం ఇంటి దగ్గర కాచుకొని ఉన్న పిల్లలు ఆ పూట ఏమి తిన్నారన్న ప్రశ్న వరం వెలుగులో కనబడకుండా పోయింది. ఆకలిని దైవం తీర్చివేయడంతో కరుణకు అడ్డు లేకుండాపోయింది.

మారన మార్కండేయపురాణం ద్వారా తెలుగులోకి వచ్చి పెద్దన మనుచరిత్రకు ఆధారమైన స్వరోచి వృత్తాంతంలో ఇటువంటి ఘట్టమే మరొక విధంగా కనిపిస్తుంది. స్వరోచి అడవిపందికి గురిపెట్టిన వేళ ఒక ఆడజింక అడ్డువచ్చి, దానిని వదిలి తనను కొట్టమంటుంది. చూపునకు అది మరొక ప్రాణికి అడ్డునిలిచిన రక్షకమృగం. తరువాత తెలిసేదేమంటే ఆమె వనదేవత, ఆమె కోరింది స్వరోచినే. ఇక్కడ కూడా మృగరూపం ఒక ముసుగు. ఆదిపర్వంలోని ముని, శివరాత్రి కథలోని సత్యసంధ అయిన జింక, స్వరోచి కథలోని దేవత అనే ముగ్గురూ మాట్లాడగలిగినది పూర్తిగా మృగాలు కానందువల్లనే. పురాణ కథనం మృగాన్ని గౌరవించడానికి ముందుగా దానిని మృగత్వం నుండి తప్పించవలసి వచ్చింది.

4. మాటలేని తల్లి:

నల్లమలలో ఎదురుపడే తల్లి ఏ గడువూ అడగదు. ఎలుగుబంటిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇది పిల్లలను గుహలలోనో గుంతలలోనో ఈనుతుంది. బయటికి వచ్చిన తరువాత నెలల తరబడి వాటిని వీపుమీద మోస్తూ తిరుగుతుంది. దాని ఆహారం చెదలు, తేనె, ఇప్పపూలు, అడవి పండ్లు. తేనెకు, ఇప్పపూలకు వెళ్ళే మనిషి దారి, ఎలుగు దారి ఒక్కటే కావడం వల్ల ఎదురుపాట్లు తప్పవు. వాసనను చక్కగా పసిగట్టే ఈ జంతువు మనిషి ఒక్కసారిగా దగ్గరలో కనిపిస్తే చాలా సందర్భాలలో పారిపోక మీదపడుతుంది. పిల్లలు వీపుమీద ఉన్నప్పుడు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఇక్కడ సంభాషణ లేదు. అడుగుజాడ, వాసన, అలికిడి మాత్రమే ఉన్నాయి. వాటిని చదవగలిగినవాడు తప్పుకుంటాడు.

ఆధునిక తెలుగు నవలలో ఈ మాటలేని ఎదురుపాటును కథావస్తువుగా చేసిన రచన రాయలసీమ నుండే వచ్చింది. చిత్తూరు జిల్లాకు చెందిన డా. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో కథానాయకుడు పేరులేని ముసలివాడు. అతడు వేటగాడు కాదు, పందుల కాపరి. చేతిలో ఉన్నది విల్లు కాదు, ఈటె. తప్పిపోయిన చూలిపందిని వెదుకుతూ అతడు రాత్రివేళ అడవిలోకి వెళతాడు. అప్పటికే అది ఈనింది. ఈనిన పంది తన యజమానిని కూడా దగ్గరికి రానివ్వదు. చుట్టూ నక్కలు. పందిని, పిల్లలను కాపాడాలని ముసలివాడు, పిల్లలను కాపాడుకోవాలని పంది ఒకే రాత్రి, ఒకే చోట, ఒకే పని చేస్తుంటారు. అయినా ఒకరి ఉద్దేశం మరొకరికి చేరే దారి లేదు. రక్షించడానికి వచ్చినవాని ఈటె, తాను రక్షించవలసిన జంతువుకే ఎదురు నిలిచే స్థితి ఏర్పడుతుంది.

ఈ నవలను హెమింగ్వే ‘ముసలివాడు – సముద్రం’తో పోల్చడం పరిపాటి. ఒంటరి వృద్ధుడు, ప్రకృతితో పోరాటం, చేతికందిన ఫలం దక్కకపోవడం వంటి పోలికలు స్పష్టమైనవే. కానీ ఆ పోలిక దగ్గరే ఆగిపోతే ముఖ్యమైన భేదం జారిపోతుంది. హెమింగ్వే ముసలివాడు చేపను పట్టడానికి వెళ్ళాడు, కేశవరెడ్డి ముసలివాడు తల్లిని ఇంటికి తెచ్చుకోవడానికి వెళ్ళాడు. మొదటిది వేటకథ. రెండవది, రక్షణ కోసం బయలుదేరినవాడు వేటగాని స్థానానికి నెట్టబడిన కథ. శివరాత్రి వ్యాధుని కథను దీని పక్కన పెడితే ఈ భేదం మరింత తేటపడుతుంది. అక్కడ వేటగాడు రక్షకుడయ్యాడు. ఇక్కడ రక్షకుడు వేటగాడు కావలసి వచ్చింది. రెండింటి నడుమ ఉన్న తేడా మృగానికి మాట ఉండటం, లేకపోవడం. అంతేకాక, కేశవరెడ్డి ముసలివానికి వరమిచ్చే దైవం లేదు. పంది అతని ఆస్తి, అతని బతుకు. నష్టం నష్టంగానే మిగులుతుంది.

5. మృగమే అల్లుడైన కథ:

అహోబిలం ఈ సమస్యకు మూడవ మార్గం చూపింది. నరసింహుడు సగం మృగం. బిడ్డ కోసం స్తంభాన్ని చీల్చుకొని వచ్చిన రక్షకుడు. ప్రహ్లాదుని కాపాడిన తరువాత కూడా ఉగ్రత చల్లారని ఆ మృగదైవం నల్లమలలో చెంచుల ఆడపడుచును ప్రేమించి పెండ్లాడిందని ఇక్కడి ప్రజల నమ్మకం. చెంచులకు నరసింహుడు అల్లుడు. విల్లు పట్టినవారి ఇంటికి, గోళ్ళున్న రక్షకమృగం చుట్టమై వచ్చింది.

ఈ కథలో వాదన లేదు, శాపం లేదు, వేటగాని పశ్చాత్తాపమూ లేదు. చెంచులు విల్లు దించవలసిన అవసరమే రాలేదు. ఏటా సంక్రాంతి తరువాత కనుమనాడు మొదలయ్యే పార్వేట ఉత్సవంలో ఈ విషయం ప్రత్యక్షంగా కనిపిస్తుంది. ఉత్సవమూర్తులు పల్లకిలో కొండదిగి సుమారు 40 రోజులు ఆళ్ళగడ్డ పరిసర గ్రామాలలో తిరుగుతారు. తన కల్యాణానికి జనాన్ని పిలవడానికే స్వామి బయలుదేరాడని జనం చెప్పుకుంటారు. ఈ ఉత్సవారంభంలో చెంచులు పల్లకి వైపు బాణాలు వేయడం ఆచారం. దేవునిపైకి బాణం వేయడం ఇక్కడ అపచారం కాదు, బావమరుదుల హక్కు. చంపే పనిముట్టు చుట్టరికాన్ని చాటే గుర్తుగా మారింది.

పురాణ కథనంలో బాణాన్ని ఆపింది మాట. అహోబిల సంప్రదాయంలో బాణం ఆగలేదు, దాని అర్థం మారింది. ఈ భేదం చిన్నది కాదు. మొదటిది వేటగాడు మారాలంటుంది. రెండవది వేటగానిని వేటగానిగానే ఉంచి, మృగంతో అతనికి నియమబద్ధమైన సంబంధాన్ని ఏర్పరుస్తుంది. చుట్టరికమంటే ప్రేమ మాత్రమే కాదు. అందులో దూరం పాటించడం, హద్దు తెలియడం, ఎవరి వాటా వారికి విడవడం కూడా ఉన్నాయి. ఎలుగుజాడ చూసి దారి మళ్ళే మనిషి పాటించేదీ ఇటువంటి హద్దునే.

6. విమర్శ ముందున్న ప్రశ్న:

ఈ కథనాలను బోధించేటప్పుడు, వాటిపై పరిశోధన చేసేటప్పుడు ‘భూతదయ’ అన్న ఒక్క శీర్షిక కింద చేర్చడం తేలిక. అలా చేర్చినప్పుడు వేటగాడు అజ్ఞానిగా, మృగం అతనికి జ్ఞానోదయం కలిగించే సాధనంగా మిగిలిపోతాయి. ఇది కావ్యచర్చకే పరిమితమైన పొరపాటు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం పులుల సంరక్షణ పథకంలో చేరింది. అడవిబిడ్డల హక్కులను గుర్తించిన 2006 అటవీహక్కుల చట్టం కూడా సంప్రదాయ వేటహక్కును స్పష్టంగా మినహాయించింది. పులి, ఎలుగు మిగలాలంటే ఈ రక్షణ అవసరమే, దానిని కాదనవలసిన పని లేదు. అయితే నేడు చెంచు చేతి విల్లుకు ప్రజలెదుట మిగిలిన ప్రధాన స్థానం ఉత్సవవీధి. అడవిలో విల్లు లేనప్పుడు, ఆ విల్లుతోపాటు ఉండిన జ్ఞానానికి సాక్ష్యం కథలలో, ఆచారాలలో, నవలలలో మాత్రమే దొరుకుతుంది. వాటిని చదివే విమర్శ వేటగానిని ముందే దోషిగా నిర్ణయించి చదివితే ఆ సాక్ష్యం కూడా చెరిగిపోతుంది.

కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ నవల 2019లో తానా బహుమతి పొందింది. కరవుకు గొర్రెలను తోలుకొని నల్లమలకెక్కిన కాపరుల కథ అది. అక్కడ మందను కాచుకొనేవాడు మనిషి, మీదికి వచ్చేది పులి. రక్షకుని స్థానం మృగం నుండి మనిషికి మారింది. అయినా అడవిని చదవడం రానివాడు ఎవరినీ కాపాడలేడన్న సత్యం మారలేదు. కేశవరెడ్డి ముసలివాని పక్కన ఈ కాపరులను నిలిపి చదివితే రాయలసీమ నవల అడవిని వర్ణనీయ వస్తువుగా కాక, తెలిసి మసలుకోవలసిన చోటుగా చూసిందని తెలుస్తుంది.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• ఆదిపర్వంలో మృగం మాట బాణం తరువాత శాపంగా వచ్చింది. శివరాత్రి వ్యాధుని కథలో బాణానికి ముందు ప్రమాణంగా వచ్చింది. స్వరోచి వృత్తాంతంలో కోరికగా వచ్చింది. మూడింటిలోనూ మాట్లాడినది సాధారణ మృగం కాదు.

• శివరాత్రి వ్యాధుని కథ వేటగాని బిడ్డల ఆకలితో మొదలై, ఆ ఆకలిని వరంతో కప్పివేసింది. కేశవరెడ్డి నవల ఆ ఆకలిని, ఆ నష్టాన్ని దాచలేదు.

• అహోబిలంలోని చెంచుల సంప్రదాయం విల్లును తీసివేయకుండానే రక్షకమృగంతో చుట్టరికం కలుపుకొంది. పార్వేటలో పల్లకి వైపు వేసే బాణం ఆ చుట్టరికానికి నిదర్శనం.

• మృగానికి మాటనివ్వడం కరుణకు ఒక మార్గం. మాటలేని మృగం జాడను చదవగలగడం మరొక మార్గం. మొదటిది కవికి తెలిసిన విద్య, రెండవది అడవి మనిషికి తెలిసిన విద్య. తెలుగు విమర్శ ఇంతవరకు మొదటిదానికి ఇచ్చిన గౌరవాన్ని రెండవదానికి కూడా ఇచ్చినప్పుడే ఎక్కుపెట్టిన విల్లుకు, ఎదురునిలిచిన తల్లికి సమానంగా న్యాయం జరుగుతుంది.