వరస తెలిసిన అత్త

కడప జిల్లా పల్లెల్లో తండ్రి తోబుట్టువైన మేనత్తకు రెండిళ్ళల్లో మాట చెల్లుతుంది. మెట్టినింటికి ఆమె కోడలు, పుట్టింటికి ఎప్పటికీ ఆడబిడ్డే. మైదుకూరు నుంచి ప్రొద్దుటూరుకో, జమ్మలమడుగుకో, పులివెందుల పక్క పల్లెకో ఇచ్చి పెళ్ళి చేస్తే ఆ రెండు ఊళ్ళ మధ్య ఒక దారి పడుతుంది. ఆమె ఎనభై, తొంభై ఏళ్ళు బతికితే ఆ దారిన వచ్చిపోయిన నాలుగు తరాల మనుషులు ఆమెకు గుర్తుంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే ఈ లెక్కను పల్లెవాళ్ళు వరస అంటారు. వరస చెప్పడం, తెగినచోట కలపడం, తప్పినచోట సరిదిద్దడం ముసలి అత్తల విద్య. దీనికి బడి లేదు. ఆడపిల్లలు చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వింటూ నేర్చుకున్నదే.

అత్త హోదా ఆమె అన్నదమ్ముడి పెళ్ళిపందిట్లోనే మొదలవుతుంది. పెండ్లికొడుక్కు నలుగు పెట్టడంలో, తాళి ముడి వేసేటప్పుడు చేయి కలపడంలో ఆడబిడ్డ ముందుంటుంది. కొత్త కోడలు గడప దాటబోయేటప్పుడు అడ్డంగా నిలబడి, ఇద్దరి చేతా ఒకరి పేరు ఒకరితో చెప్పించి, తనకు రావలసింది ఇప్పించుకుని గానీ లోపలికి రానివ్వదు. ఆ గడప దగ్గరే, పుట్టబోయే కూతురును తన కొడుక్కు ఇస్తామని మాట తీసుకునే ఆనవాయితీ చాలా ఇళ్ళల్లో ఉంది. నవ్వుతూ అడిగినా అది ఉత్త వేడుక కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మాట నిలవక, అత్త పుట్టింటి గడప తొక్కడం మానేసిన సందర్భాలు ప్రతి పల్లెలోనూ చెబుతారు.

బిడ్డ పుట్టాక అత్త పని పెరుగుతుంది. బిడ్డను ఉయ్యాలలో వేయడం, చెవిలో పేరు పిలవడం, నూనె రాసి కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం, దిష్టి తీయడం ఆమె వంతు. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు, చెవులు కుట్టించేటప్పుడు ఒడిలో కూర్చోబెట్టుకునే అధికారం మేనమామది కాబట్టి అక్కడ అత్త పక్కకు జరుగుతుంది. ఒక బిడ్డ చుట్టూ తండ్రి వైపు నుంచి అత్తను, తల్లి వైపు నుంచి మామను నిలబెట్టే ఈ ఏర్పాటులోనే వరస లెక్క అంతా ఇమిడి ఉంది.

ఆ లెక్కకు మూలసూత్రం ఒక్కటే. తోబుట్టువుల జత ఒకే రకమైతే, అంటే అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో అయితే, వాళ్ళ పిల్లలు ఒకరికొకరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. జతలో ఒకరు మగ, ఒకరు ఆడ అయితే వాళ్ళ పిల్లలు బావా మరదళ్ళు, బావా బావమరుదులు. అందుకే నాయన అన్నదమ్ములు పెదనాయన, చిన్నాయన. అమ్మ అక్కచెల్లెళ్ళు పెద్దమ్మ, చిన్నమ్మ. వాళ్ళ పిల్లలతో పెళ్ళి మాటే రాదు. నాయన చెల్లెలు అత్త, అమ్మ తమ్ముడు మామ. వాళ్ళ పిల్లలతో పెళ్ళి కుదురుతుంది. అక్కచెల్లెళ్ళను చేసుకున్న షడ్డకులిద్దరికీ రక్తసంబంధం లేకపోయినా అన్నదమ్ముల వరసే, వాళ్ళ పిల్లలూ తోబుట్టువులే. ఇంటిపేరు ఒకటైతే దాయాదులు, అక్కడ ఇక లెక్క వేయాల్సిన పని లేదు.

ఒక తరం దాటితే చాలామంది తడబడతారు. మరదలి పిల్లలు మగవాడికి కొడుకు, కూతురు వరస. బావమరిది పిల్లలు అల్లుడు, కోడలు వరస. మరదలు భార్య కాగలిగిన మనిషి కాబట్టి ఆమె పిల్లలు తన పిల్లల కింద లెక్క. బావమరిది చెల్లెలి మొగుడు కాగలిగినవాడు కాబట్టి అతని పిల్లలు చెల్లెలి పిల్లల కింద లెక్క. నిజంగా ఆ పెళ్ళిళ్ళు జరిగాయా లేదా అన్నదానితో వరసకు సంబంధం లేదు. ఇంత ఖచ్చితమైన తర్కాన్ని కాగితం ముట్టని ఆడవాళ్ళు తరాల పాటు తప్పులేకుండా నడిపించారన్నది గౌరవంతో గమనించవలసిన సంగతి.

అత్త ఈ లెక్కను ఎలా వాడుతుందో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. జమ్మలమడుగు వైపు నుంచి ఒక పిల్లవాడు మైదుకూరు దగ్గరి పల్లెకు వచ్చాడనుకుందాం. అరుగుమీద కూర్చున్న అత్త మొదట “యా ఊరు నాయనా?” అని అడుగుతుంది. తర్వాత “ఎవరి కొడుకువు?” అని. తండ్రి పేరుతో దారి దొరక్కపోతే “మీ అమ్మది యా ఊరు?” అని, అక్కడా దొరక్కపోతే “మీ జేజి పుట్టినిల్లు యాడ?” అని పోతుంది. మగవాళ్ళ పేర్లు ఊళ్ళోనే ఆగిపోతాయి, పెళ్ళయి వెళ్ళిన ఆడవాళ్ళ పుట్టినిళ్ళే ఊరినీ ఊరినీ కలుపుతాయి. అందుకే అత్త వెతుకులాటంతా ఆడవాళ్ళ వెంటే సాగుతుంది. చివరికి పిల్లవాడి జేజి, అంటే అతని నాయన తల్లి, తన మొగుడి తల్లి సొంత అక్కచెల్లెళ్ళని తేలింది. అయితే పిల్లవాడి నాయనా, తన మొగుడూ అన్నదమ్ముల వరస. పిల్లవాడు కొడుకు, తాను పెద్దమ్మ, తన కూతుళ్ళు అతనికి అక్కచెల్లెళ్ళు. ఆ జేజి తన మామకు చెల్లెలై ఉంటే అంతా మారిపోయేది. అప్పుడు అతను అల్లుడి వరస, కూతుళ్ళు మరదళ్ళు. నాలుగు ప్రశ్నల్లో తెలియని మనిషికి ఇంట్లో ఒక చోటు ఏర్పడుతుంది. ఎవరి ఎదుట తల దించుకోవాలో, ఎవరితో సరసమాడవచ్చో, ఎవరిని ‘మీరు’ అనాలో అంతటితో తెలిసిపోతుంది.

రెండు దార్లలో రెండు వరసలు రావడమే అసలు చిక్కు. అక్క కూతురును చేసుకునే ఆచారం ఉన్న ఇళ్ళల్లో ఇది తప్పదు. నిన్నటిదాకా కోడలు వరసైన పిల్ల పెళ్ళితో చిన్న మేనమామకు వదినె అవుతుంది, అక్కే పెళ్ళికొడుక్కు అత్త అవుతుంది. ఇలాంటప్పుడు పెద్ద అత్తలు సాధారణంగా దగ్గరి సంబంధాన్ని నిలబెట్టి, దూరపుదాన్ని వదిలేస్తారు. చిన్నప్పటి నుంచి అలవాటైన పిలుపును కొందరికి వదిలిపెట్టే వెసులుబాటూ ఇస్తారు. సూత్రం తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు గానీ, ఎక్కడ సడలించాలో తెలిసింది ముసలి అత్తకే. పెళ్ళిచూపులకు ముందు ఆమెను అడగకుండా అడుగు వేయకపోవడానికి కారణం అదే. చావు జరిగినప్పుడు ఎవరికి మైల పడుతుందో చెప్పేదీ ఆమే: దాయాదులకు పది రోజులు, పెళ్ళయిన కూతురికి తల్లిదండ్రుల విషయంలో మూడు రోజులు.

ఈ పద్ధతి ఎంత పాతదో బౌధాయన ధర్మసూత్రం చెబుతుంది. మేనమామ కూతురునూ మేనత్త కూతురునూ పెళ్ళి చేసుకోవడం దక్షిణాదివాళ్ళ ప్రత్యేక ఆచారాల్లో ఒకటిగా అందులో పేర్కొన్నారు. 1871లో అమెరికా పండితుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ ప్రపంచ చుట్టరికాల మీద వెలువరించిన పెద్ద గ్రంథంలో తెలుగు, తమిళ వరసల పట్టికలున్నాయి. అవి న్యూయార్క్ ప్రాంతపు సెనెకా తెగవారి వరసలకు దగ్గరగా ఉన్నాయని ఆయన ఆశ్చర్యపోయాడు. థామస్ ట్రౌట్‌మన్ 1981లో ద్రావిడ చుట్టరికం మీద రాసిన పుస్తకం ఈ లెక్కను మరింత వివరంగా విప్పింది. పండితులు పట్టికలుగా గీసినదాన్ని పల్లె అత్తలు మనుషుల పేర్లతో గుర్తుపెట్టుకున్నారు.

వరస రక్తసంబంధంతో ఆగదు. పల్లెలో కులం వేరైనా, మతం వేరైనా మామా, అత్తా, పెద్దమ్మా, చిన్నాయనా అని పిలుచుకునే అలవాటు ఉంది. ఒక ఇంటివాళ్ళను మామ అంటే, ఆ ఇంటి పిల్లలను బావ అనే తర్కం అక్కడా నడుస్తుంది. ఆ పిలుపులతో కులాల మధ్య ఎత్తుపల్లాలు చెరిగిపోలేదన్నది నిజమే. అయినా కష్టంలో ఒకరి తలుపు ఒకరు తట్టడానికి అవి దారి చూపాయి. ఈ జిల్లాలో ఇదే తర్కం దేవుడి దాకా పోయింది. దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ఉగాది నాడు ముస్లింలు వచ్చి మొక్కుకుంటారు. స్వామిని పెళ్ళాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడబిడ్డ, కాబట్టి స్వామి తమకు అల్లుడని వాళ్ళ నమ్మకం.

ఊళ్ళో ఎక్కువకాలం బతికిన అత్త క్రమంగా అందరికీ అత్త అవుతుంది. తమ్ముడి పిల్లలు పిలిచే పిలుపును పక్కింటి పిల్లలు అందుకుంటారు. వాళ్ళ పిల్లలు జేజి అనాల్సి ఉన్నా అత్త అనే అంటారు. కానుపుకు, పసుపు దంచడానికి, ప్రొద్దుటూరు బంగారంగళ్ళల్లో పుస్తెలు ఎంచడానికి ఆమెనే పిలుస్తారు. అమ్మానాన్నలు కువైట్‌కు పోయిన పిల్లలు జేజుల దగ్గరో అత్తల దగ్గరో పెరగడం జిల్లాలో చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ పిల్లలకు ఆమె పిలుపుకు అత్త, పెంపకానికి తల్లి.

ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఈ బంధంలో భాగమే. పండక్కి పిలిచి చీర పెట్టడం, పుట్టింట ఒడిబియ్యం పోయడం ఆడబిడ్డకు దక్కే గౌరవాలు. పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి గిన్నెలు, రవికె గుడ్డ ఒడిలో పోసి పంపడంతో పుట్టింటి పంటలో ఆమెకూ పాలుందని ఒప్పుకున్నట్టు. అయితే తరాల పాటు భూమి మాత్రం అన్నదమ్ములదే అయింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలంలో 1986లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటికీ అలాంటి చట్టమే వచ్చింది. చట్టం ఇచ్చిన వాటాను అడిగితే పుట్టింటి రాకపోకలు తెగుతాయన్న భయంతో సంతకం పెట్టి వదిలేసుకున్న అత్తలు ఎంతోమంది. చీరలూ ఒడిబియ్యమూ ఆ వాటాకు బదులు కావు. అత్త మీది ప్రేమ నిజమైనదైతే ఆమె వాటా కూడా ఆమెకు అందాలి.

మేనరికాలూ మునుపటంత లేవు. 1955 హిందూ వివాహ చట్టం ఆచారం ఉన్నచోట ఈ పెళ్ళిళ్ళకు మినహాయింపు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో సుమారు పావు వంతు మంది బంధువులనే చేసుకున్నవాళ్ళు. మేనబావా మరదళ్ళ జన్యువుల్లో ఎనిమిదోవంతు, మేనమామా మేనకోడళ్ళ జన్యువుల్లో నాలుగోవంతు ఉమ్మడిగా ఉంటాయి. దాగి ఉన్న జబ్బులు బిడ్డలో బయటపడే అవకాశం అందువల్లే పెరుగుతుంది. డాక్టర్లు వద్దనడం సబబు. ఈ విషయంలోనూ వరస తెలిసిన అత్త అవసరమే. ఏ ఇంట్లో ఏ బిడ్డ ఎందుకు దక్కలేదో, ఏ దారిన ఎన్నిసార్లు సంబంధం కలిసిందో డాక్టరు అడిగితే చెప్పగలిగింది ఆమే.

అత్త పోయినప్పుడు మెట్టినింటివాళ్ళు పుట్టింటికి కబురు పంపి ఎదురుచూస్తారు. అన్నదమ్ములుంటే వాళ్ళు, లేకపోతే వాళ్ళ కొడుకులు పుట్టింటి కోక తెచ్చి కప్పుతారు. ఆ కోక తేవాల్సిన వంతు ఎవరిదన్నది కూడా వరసను బట్టే తేలుతుంది. పెద్ద మేనల్లుడు లేకపోతే చిన్నవాడు, అతనూ లేకపోతే అదే ఇంటిపేరున్న దాయాది. అక్కడ సందేహం వస్తే, వచ్చినవాళ్ళలో ఆమె తర్వాతి పెద్ద ఆడబిడ్డను అడుగుతారు.