వాచకంలో బొమ్మ, పెట్టె మీద గుర్తు

చదువు రాని మనిషి తెలివిని నమ్మి గీసిన బొమ్మలు మన రాజకీయాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఎన్నికల గుర్తు. దాన్ని తెలుగు పాఠకుడికి పరిచయం చెయ్యనక్కర్లేదు. రెండోది నెల్లూరు జిల్లాలో వయోజనులు చదువుకున్న వాచకంలోని బొమ్మ. అది తెచ్చిన సారా వ్యతిరేక ఉద్యమం లోకానికి తెలుసుగాని, బొమ్మగా దాని పనితనం మీద మన విమర్శకుల దృష్టి అంతగా పడలేదు.

1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగేనాటికి దేశంలో చదవడం వచ్చినవాళ్లు నూటికి 18 మందే. అందుకే అభ్యర్థికొక పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. కాడెద్దులో, కంకి కొడవలో చూసుకుని ఆ పెట్టెలో చీటీ వేస్తే ఓటు పడినట్టే. తర్వాతి కాలంలో ఎన్నికల సంఘం చిత్రకారుడు ఎం.ఎస్. సేఠీ పెన్సిలుతో గీసిన గుర్తులు చూడండి. చాలావరకు ఇంట్లో, వీధిలో రోజూ కనబడే వస్తువులే. నాలుగు గీతల్లో వస్తువు తెలిసిపోతుంది. చుట్టూ దృశ్యం ఉండదు, సాధారణంగా మనిషీ ఉండడు. తడబాటుకు చోటివ్వకపోవడమే అక్కడి కళ.

నెల్లూరులో 1990లో మొదలైన వయోజన అక్షరాస్యతా కార్యక్రమం ‘అక్షర దీపం’ దారి వేరు. ఆనాటి అక్షరాస్యతా వాచకాల్లో పాఠం బొమ్మతో మొదలయ్యేది. ముందు బొమ్మ చూపించి నలుగురిచేతా మాట్లాడించాలి, ఆ మాటల్లోంచి ఒక పదం, ఆ పదంలోంచి అక్షరాలు రావాలి. బ్రెజిల్‌లో పౌలో ఫ్రేరీ 1960లలో పల్లె జనానికి చదువు చెప్పిన పద్ధతికి ఇది చుట్టం. గుర్తులో మనిషి ఉంటే అడ్డం కాగా, ఇక్కడ మనిషి లేకపోతే పాఠమే లేదు. ‘సీతమ్మ కథ’, ‘ఆడవాళ్లు ఏకమైతే’ వంటి పాఠాలు చదివిన స్త్రీలు అక్కడ తమ ఇంటినే చూసుకున్నారు.

గుర్తును ఓటరు ఒంటరిగా చూస్తుంది. ఆమె దేన్ని ఎంచుకుందో మొగుడికీ తెలియదు, ఆసామికీ తెలియదు. ఆ చాటు ఆమెకు రక్ష. వాచకపు బొమ్మను మాత్రం పదిమందిలో కూర్చుని చూడాలి. నా ఇంటి గొడవ అనుకున్నది వాడకట్టంతటి గొడవ అని తేలేది అలా కూర్చున్నప్పుడే. గుర్తు మాటను ముగిస్తుంది, బొమ్మ మాటను మొదలుపెడుతుంది. అయినా రెండూ ఒక తల్లి బిడ్డలే. చదువు రానంత మాత్రాన ఆలోచన రాకుండా పోదని రెండూ నమ్మాయి.

ఈ రెండు దారులూ నెల్లూరు నేలమీదే కలిశాయి. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు సారా కొట్టు మూయించారు, ఆ కథే పాఠమై మిగతా ఊళ్లకు పాకింది. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు పదేపదే ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. సంపూర్ణ మద్య నిషేధం తెస్తానన్న ఎన్.టి. రామారావు 1994 డిసెంబరు ఎన్నికల్లో గెలిచారు. వాచకం లేపిన ప్రశ్నను ఆయన పార్టీ సైకిల్ గుర్తు శాసనసభ దాకా మోసింది.

1995 జనవరిలో నిషేధం అమలైంది, 1997లో సడలింది. తప్పంతా గుర్తుమీద వెయ్యడం న్యాయం కాదు. అయిదేళ్లకొకసారి పలికే బొమ్మ అంతకన్నా మొయ్యలేదు. అలాగే వాచకాన్ని ఆకాశానికెత్తడమూ సరికాదు. ఓటు తోడు లేకపోతే దాని ప్రశ్న ఊళ్లు దాటి చట్టం కాగలిగేది కాదు. లోటెక్కడంటే, గుర్తుల్ని ప్రతి ఎన్నికకూ కొత్తగా గోడలకెక్కించాం గాని, వాచకాన్ని ఆ శ్రద్ధతో మళ్లీ గియ్యలేదు. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల పక్క ఉప్పుబారిన నీళ్లూ, రేవులకు పోయిన భూములూ నలుగురూ కూర్చుని మాట్లాడుకోవలసిన పాఠాలే. మన చిత్రకారులు ముందు వాటిని గియ్యాలి. ఆ మాటలు సాగిన ఊళ్లో గుర్తు దాని పని అది చేస్తుంది.