బహుగ్రంథ పఠనము - వివేచనము

బహుగ్రంథ పఠనము రచయితకు అలంకారమని మనలో ఒక అభిప్రాయము స్థిరపడినది. ఎన్ని గ్రంథములు చదివినదియు లెక్కించి, ఆ లెక్కనే పాండిత్యముగా భావించుట పరిపాటి అయినది. శాస్త్రము, చరిత్ర, అద్భుతకథ - ఈ మూడింటిని ఒక్కరే చదివినందువలన వారి రచనకు కలుగు లాభమేమి? ఈ ప్రశ్నను బిలాసపురము వంటి ఊరిలో నిలిచి వేసినచో దాని బరువు తెలియును.

బిలాసపురము రైలు పెంచిన పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే దీనిని పెద్ద కూడలిగా చేసినది. 1931లో విజయనగరము నుండి రాయపురమునకు మార్గము పూర్తి అయిన పిమ్మట ఉత్తరాంధ్రమునకు ఛత్తీస్‌గఢ్ మరింత చేరువైనది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదియే కేంద్రస్థానమైనది. ఈ రైలు కొలువుల వెంట వచ్చిన తెలుగు కుటుంబములు తరములుగా ఇచ్చట నివసించుచున్నవి. వారి పిల్లలు శాస్త్రమును, చరిత్రను బడిలో హిందీలోనో ఆంగ్లములోనో చదువుదురు. తెలుగున వారికి మిగులునది అమ్మమ్మ కథ, పండుగనాటి పాట. అవి విలువ లేనివి కావు. కాని ఏ భాషలో కథ మాత్రమే వినుదుమో, ఆ భాషలో ప్రశ్నించుట క్రమముగా మానివేయుదుము. ఇది ప్రవాసాంధ్రులకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. ఆంగ్ల మాధ్యమమున చదువు విజయవాడ, హైదరాబాదు పిల్లలకు సైతము ఇదే గతి పట్టుచున్నది.

ఈ చిక్కును ఎదుర్కొన్న తొలివారిలో ఒక అక్క, ఒక తమ్ముడు ఉన్నారు. భండారు అచ్చమాంబ భర్త ఉద్యోగరీత్యా ఆనాటి మధ్యపరగణములలో నివసించినది. బిలాసపురము జిల్లా అప్పుడు ఆ పరగణములలోనిదే. ఆమె బడికి పోలేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువుచుండగా తానును నేర్చినది. అన్యభాషల గ్రంథములను సైతము చదివి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించినది. 1902లో 'ధనత్రయోదశి' అను కథయు వ్రాసినది. ఆమె ప్రణాళికలో విమర్శకులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. చరిత్రకు తెలిసిన భారత స్త్రీలను మొదటి భాగమున చేర్చి, వేదపురాణ స్త్రీలను మరియొక భాగమునకు ఉంచినది. పురాణమును ఆమె తృణీకరించలేదు. పురాణమును చరిత్ర అనలేదు. స్త్రీలకు సామర్థ్యము లేదను వాదమునకు సమాధానము చెప్పవలెనన్న సాక్ష్యము గట్టిగా ఉండవలెను. ఆ సంగతి ఎరిగిన చదువరి చేసిన విభాగమిది. అన్ని రకముల గ్రంథములు చదువుట వలన అన్నియు కలిసిపోవుట కాదు, ఏది ఏదియో తెలియుట జరిగినది. 1905లో ఆమె అకాలమరణము చెందుటచే ఆ ప్రణాళిక నెరవేరలేదు.

నాగపూరులో చదువుకొన్న లక్ష్మణరావు 1906లో హైదరాబాదున మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించినారు. ఆ మండలి చరిత్రను ప్రచురించినది. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రమును ప్రచురించినది. చారిత్రక నవలలకు పోటీలు పెట్టినది. జీవకణమును గూర్చియు, ఆంధ్రరాజులను గూర్చియు, కల్పిత నాయకుని గూర్చియు తెలుగువాడు తెలుగుననే చదువుకొనవచ్చునని ఒకే మండలి నిరూపించినది. పాఠకునకు నచ్చునదే ఇత్తుమను వ్యాపారనీతి దీనికి ఆధారము కాదు. ఒక భాష వయోజనుల భాషగా నిలువవలెనన్న దానికి ఈ మూడు శక్తులును ఉండవలెనన్న నిశ్చయమే ఆధారము. లక్ష్మణరావు విజ్ఞానసర్వస్వము 'అ'కారము దాటకుండగనే 1923లో ఆయన కన్నుమూసినారు. ఆ తరువాతి అక్షరముల బాధ్యత మనపై ఉన్నది.

అచ్చమాంబ చరిత్రను పురాణము నుండి వేరు చేసినది. సురవరము ప్రతాపరెడ్డి అద్భుతకథ నుండి చరిత్రను రాబట్టినారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన శాసనములతో తృప్తిపడలేదు. బొమ్మలు మాటలాడు సింహాసన ద్వాత్రింశికను, చిలుక కథలు చెప్పు శుకసప్తతిని దగ్గర పెట్టుకొని, ఆనాటి జనుల తిండి, బట్ట, ఆటలు, నమ్మకములు ఏరి చూపినారు. బొమ్మ మాటలాడినదని ఆయన నమ్మలేదు. కాని ఆ బొమ్మ చెప్పిన కథలోని సంత, వంట, జూదము కవి కన్నులార చూచినవని గ్రహించినారు. రాజులు దాచని సంగతులు శాసనములందుండును. ఎవరును దాచవలెనని తలంపని సంగతులు కథలందుండును. 1955లో తెలుగున తొలి సాహిత్య అకాడెమీ పురస్కారము, ఆయన మరణానంతరము, ఈ గ్రంథమునకే లభించినది. కావ్యములను రసదృష్టితో మాత్రమే చదివియున్నచో ఈ గ్రంథము పుట్టెడిది కాదు.

మూడవ ఉదాహరణము కొడవటిగంటి కుటుంబరావు. ఆయన భౌతికశాస్త్రము చదివినారు. విజ్ఞానమును గూర్చియు, చరిత్రను గూర్చియు వ్యాసములు వ్రాసినారు. 1952 నుండి 1980 వరకు 'చందమామ'ను తీర్చిదిద్దినారు. హేతువాదియైన రచయిత రాక్షసులతోను, మాంత్రికులతోను నిండిన పత్రికను నడుపుట విరుద్ధమని కొందరు తలంపవచ్చును. విరుద్ధము కాదు. అద్భుతకథకు తనదైన న్యాయము కలదు: మాంత్రికుని వరమునకు ఒక హద్దు, శాపమునకు ఒక విమోచనము ఉండి తీరవలెను. కార్యకారణ సంబంధమును పిల్లవాడు మొదట నేర్చునది అచ్చటనే. ఆ హద్దు తప్పిన కథను పిల్లవాడే ఒప్పుకొనడు.

రచయితకు కావలసినది జీవితము, పుస్తకములు కావని ఒక ఆక్షేపణ వినవచ్చును. అందులో సత్యము లేకపోలేదు. చూడని బ్రతుకును పుస్తకము వలన తెచ్చి అతికించినచో ఆ అతుకు కనబడును. కాని చూచినదానిని అర్థము చేసికొనుటకు సైతము సాధనములు కావలెను. బిలాసపురపు రైలు కాలనీని గూర్చి నవల వ్రాయువానికి ఆ ప్లాట్‌ఫారము తెలిసిన చాలదు. తాత ఇచ్చటికి ఎందుకు వచ్చినాడో చరిత్ర చెప్పవలెను; బొగ్గు ఇంజను ఆవిరిని చక్రముగా ఎట్లు త్రిప్పినదో శాస్త్రము చెప్పవలెను; ఆ ఇంజనును పిల్లలు ఏ రాక్షసునిగా ఊహించినారో కథ చెప్పవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను ఆ నవల కుంటుపడును.

కావున ఎన్ని చదివితిమను లెక్క విడిచి, ప్రతి గ్రంథమును దానికి తగిన ప్రశ్న అడుగుట అలవరచుకొనవలెను. శాస్త్రమును నిదర్శనమేమని అడుగవలెను. చరిత్రను సాక్షి ఎవరని అడుగవలెను. అద్భుతకథను దాని న్యాయమేమని అడుగవలెను. ఆ ప్రశ్నలను తెలుగుననే అడుగుటకు వలయు పుస్తకములు వ్రాయుట మన రచయితల పని. మన విమర్శకులు జీవశాస్త్ర గ్రంథమును సైతము వచన రచనగా పరీక్షించి, దాని మంచిచెడ్డలు చెప్పిననాడు ఆ పని సుకరమగును.