అస్లాం ఖాన్ రాలేదు

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా, దాదాపు ఇరవై రెండు నెలలు, తెలుగువాళ్ళంతా ఈ ఒక్క ప్రశ్న మీద బతికారు. మొదటి భాగం చివర్లో కట్టప్ప కత్తి బాహుబలి వెన్నులో దిగింది. హాల్లో లైట్లు వెలిగాయి. జనం ఆ ప్రశ్నను ఇంటికి మోసుకుపోయారు. టీకొట్టు దగ్గర అదే ముచ్చట. పెళ్ళిపందిట్లో అదే ముచ్చట. జుమ్మా నమాజు చదువుకుని మజీదు మెట్ల మీద చెప్పులు వెతుక్కునే మా కుర్రాళ్ళ నోట కూడా అదే ముచ్చట. సినిమా కోసం ఎదురుచూడ్డంలో మేం ఎవరికీ తీసిపోలేదు.

అయితే మా దగ్గర ఇంకో ప్రశ్న కూడా ఉండింది. అస్లాం ఖాన్ ఎప్పుడొస్తాడు?

అస్లాం ఖాన్ ఎవరు అని అడిగేవాళ్ళున్నారు. మా బాధంతా అదే. మొదటి భాగంలో మాహిష్మతికి కత్తులు అమ్ముకోడానికి దూరదేశం నుంచి వచ్చిన వర్తకుడతను. 'ఈగ' (2012)లో విలన్‌గా మనందరికీ గుర్తుండిపోయిన కన్నడ నటుడు సుదీప్ ఆ వేషం కట్టాడు. కనపడేది కాసేపే. కట్టప్పతో కత్తి కలుపుతాడు. అతని పనితనం చూసి మురిసిపోతాడు. ఇంత మొనగాడికి ఈ బానిసబతుకేమిటని అడుగుతాడు. విడిపిస్తానంటాడు. మా పెద్దలు ఈ సింహాసనానికి మాటిచ్చారని కట్టప్ప చెబితే, ఆ మాటను గౌరవిస్తాడు. ఎప్పుడు అవసరమొచ్చినా నేనున్నానని చెప్పి వెళ్ళిపోతాడు.

కట్టప్పను ప్రేమించినవాళ్ళు ఆ కథలో చాలామందే ఉన్నారు. బాహుబలి 'మామా' అని నోరారా పిలుస్తాడు. కాని మామను సంకెల నుంచి తప్పిస్తానన్నవాడు మాత్రం ఆ పరాయిదేశపు సాయిబే. మా కళ్ళు అతని మీద ఎందుకు నిలిచాయో ఇప్పుడైనా అర్థమై ఉండాలి.

ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు సినిమాలో సాయిబుకు చాలాకాలంగా మిగిలినవి రెండే వేషాలు. ఒకటి, అనుమానించబడేవాడు. రెండోది, తాను ద్రోహిని కానని రుజువు చేసుకునేవాడు. 'ఖడ్గం' (2002)లో ప్రకాశ్‌రాజ్ వేసిన అంజాద్‌ను తలుచుకోండి. ఆటో తోలుకు బతికే మంచి మనిషి. దేశభక్తుడు. ఆ దేశభక్తికి సాక్ష్యంగా సినిమా అతని ఎదుట ఎవర్ని నిలబెట్టింది? టెర్రరిస్టయిన సొంత తమ్ముణ్ణే. మిగతా పాత్రలకు లేని పరీక్ష అతనికే ఎందుకొచ్చిందని హాల్లో ఎవరూ అడగలేదు. అస్లాం ఖాన్ ఆ రెండు వేషాల్లోనూ లేడు. అతన్ని ఎవరూ అనుమానించలేదు. అతనూ ఎవరికీ ఏదీ రుజువు చేయబోలేదు. వచ్చాడు, సాటి మనిషిగా నిలబడ్డాడు, దోస్తీ చేశాడు, మాటిచ్చాడు. అంత మామూలుగా ఒక సాయిబు తెలుగు తెర మీద కనపడ్డం మాకు పండగ.

నిజానికి ఇది కొత్త కాదు. 'బాహుబలి' పుట్టింది మన జానపద సినిమా కడుపున. ఆ జానపదంలో ఉజ్జయినీ ఉండేది, బాగ్దాదూ ఉండేది. ఎన్టీఆర్‌ను శ్రీకృష్ణుడిగా చూసి జనం దణ్ణాలు పెట్టిన 'మాయాబజార్' 1957లో వచ్చింది. అదే ఏడాది అక్కినేని అల్లావుద్దీనై అద్భుతదీపం పట్టుకున్నాడు. ఎన్టీఆర్ సొంత సంస్థ 1962లో తీసిన 'గులేబకావళి కథ'కు మూలం ఫార్సీ, ఉర్దూ దాస్తానుల్లో ఉంది. ఆ ఎన్టీఆరే 1968లో 'బాగ్దాద్ గజదొంగ' అయ్యాడు. 1970లో విఠలాచార్య చేతుల్లో ఆలీబాబా అయ్యాడు. కృష్ణుడైన మనిషి ఆలీబాబా ఎలా అవుతాడని నేలటిక్కెట్టు జనం అడగలేదు. ఈలలేశారు. ఆ ఈలల్లో మావీ ఉన్నాయి. ఆ బాగ్దాదు అట్టముక్కలతో కట్టిన బాగ్దాదే. అక్కడి మనుషులకు మా ఇళ్ళలోని మనుషులతో పోలికే లేదు. అయినా సాహసానికి, చమత్కారానికి, ప్రేమకు ముస్లిం పేరు పెట్టుకోడానికి అప్పటి తెలుగు ప్రేక్షకుడు జంకలేదు. బాగ్దాదు అతని కలలో ఒక వీధి. తర్వాత తర్వాత ఆ వీధి మూతపడింది. 'రోజా' (1992), 'బొంబాయి' (1995) డబ్బింగై వచ్చి ఆడిన కాలానికి ముస్లిం అంటే సమస్య అయి కూర్చున్నాడు.

అందుకే అస్లాం ఖాన్ గుర్రం దిగినప్పుడు, మూతపడ్డ వీధిలో ఒక కిటికీ తెరుచుకున్నట్టు అనిపించింది.

2017 ఏప్రిల్ 28. అలాంటి విడుదలను తెలుగుదేశం అరుదుగా చూసింది. తెల్లారకముందే హాళ్ళ ముందు జాతర. కటౌట్లకు పాలాభిషేకాలు. పది రోజులు తిరక్కుండానే వెయ్యి కోట్లు దాటిన మొదటి భారతీయ సినిమా అయింది. లోపల కాగితాలు ఎగిరాయి. ఏనుగు తొండం మీదుగా బాహుబలి పైకెక్కితే హాలు లేచి నిలబడింది. భల్లాలదేవుడి పట్టాభిషేకంలో జనం బాహుబలి పేరు పలుకుతుంటే, తెర మీద జనమెవరో హాల్లో జనమెవరో తెలియలేదు. మేమూ అరిచాం. భీముడూ కర్ణుడూ మాకు పరాయివాళ్ళు కారు. తోలుబొమ్మలాటలు చూసి, వీధినాటకాలు చూసి పెరిగినవాళ్ళం. బాహుబలి శివలింగాన్ని భుజాన మోసినా మాకేం అభ్యంతరం లేదు. కథలో దేవుడుంటే ఉండనీ, మనిషికి చోటుంటే చాలు.

అసలు ప్రశ్నకు జవాబూ దొరికింది. రాజమాత ఆజ్ఞ. అంతే. సింహాసనానికి కట్టుబడ్డ బానిస, తాను ఎత్తుకు పెంచినవాణ్ణి చంపాడు. ఆ జవాబు విని హాలు నిట్టూర్చింది. కళ్ళు తుడుచుకుంది. కట్టప్పను క్షమించింది. మేమూ క్షమించాం. కాని ఒక్కమాట అడగాలి. ఇరవై రెండు నెలలు ఈ జనం అడిగిన ప్రశ్న దేనిగురించి? విధేయత గురించి. ఇంత నమ్మకస్తుడు వెన్నుపోటు ఎందుకు పొడిచాడని. అతని వైపు ఏదో కారణం ఉండే ఉంటుందన్న నమ్మకంతోనే జనం అంతకాలం ఓపిక పట్టారు. విధేయత గురించిన ప్రశ్న ఈ దేశంలో మాకు కొత్త కాదు. క్రికెట్ మ్యాచ్ జరిగినా, ఎక్కడో బాంబు పేలినా మమ్మల్నే అడుగుతారు. అడిగినవాడు మా జవాబు కోసం ఇరవై రెండు నిమిషాలు కూడా ఆగడు.

విధేయత పరీక్ష ఆ సినిమా బయట కూడా నడిచింది. కట్టప్ప వేసిన సత్యరాజ్ తమిళుడు. 2008లో కావేరి నీళ్ళ గొడవప్పుడు అన్న మాటలకు, కర్ణాటకలో సినిమా ఆడాలంటే, విడుదలకు వారం ముందు విచారం చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజున తెలుగు ప్రేక్షకుడు సత్యరాజ్ పక్షాన నిలబడి, ఒక నటుణ్ణి ఇలా నిలదీయడం ఏమిటన్నాడు. బాగుంది. ఆ న్యాయబుద్ధిని మేం మెచ్చుకుంటాం. అది మా వీధి మొగదాకా కూడా రావాలని కోరుకుంటాం.

ఇక రెండో భాగంలో ఎవరొచ్చారు? పిండారీలొచ్చారు. దేవసేన కుంతల రాజ్యం మీద రాత్రిపూట దండెత్తిన దోపిడీమూక పేరు అది. మండే కొమ్ముల ఎడ్లను తోలి, నీటికట్ట తెంచి బాహుబలి వాళ్ళను తుడిచిపెడితే హాలు దద్దరిల్లింది. పిండారీలది ఏ మతమో సినిమా చెప్పలేదు. కాని ఆ పేరు గాల్లోంచి పుట్టలేదు, చరిత్రలోంచి వచ్చింది. 1816లో పిండారీలు గుంటూరు సీమ మీద పడి ఊళ్ళు దోచారు. 1817-18లో ఇంగ్లీషువాళ్ళు వేటాడి వాళ్ళను అణిచారు. మరాఠా సైన్యాల వెంట తిరుగుతూ, జీతాలు లేక దోపిడీ మీద బతికిన గుర్రపు దండులవి. వాటిలో ముస్లింలున్నారు, హిందువులూ ఉన్నారు. ఆ సంగతి చరిత్ర చదివినవాడికి తెలుసు. సినిమా చూసేవాడికి 'పిండారీ' అన్న శబ్దం చెవిన పడగానే ఏ గడ్డం, ఏ తలపాగా తోస్తాయో మాకు తెలుసు. మొదటి భాగంలో తలుపు తట్టిన అతిథి పోయాడు. రెండో భాగంలో గోడ దూకిన దొంగలొచ్చారు. కావాలని చేశారని మేం అనడం లేదు. కావాలని చేయకుండానే ఇలా జరిగిపోవడం గురించే మా మాట.

ఆ సినిమాలో అన్నిటికంటే పెద్ద చప్పట్లు ఎక్కడ పడ్డాయో చూసినవాళ్ళకు గుర్తుంటుంది. ఆడదాని మీద చెయ్యేసినవాడి వేళ్ళు దేవసేన నరికింది. నరకాల్సింది వేళ్ళు కాదని, నిండు సభలో బాహుబలి వాడి తల తీసేశాడు. హాలు కూలిపోతుందా అన్నంత చప్పుడు. ఆడపిల్లల మానం కోసం పుట్టిన ఆ కోపం న్యాయమైనదే. విచారణ లేకుండా అక్కడికక్కడే తల తెగితే వచ్చిన ఆ ఆనందం మాత్రం మమ్మల్ని ఒక్క క్షణం కుర్చీలో వెనక్కి నెట్టింది. ఆ నెల మొదటి తారీఖునే రాజస్థాన్‌లోని అల్వార్ దగ్గర, సంతలో ఆవులు కొనుక్కుని పోతున్న పెహ్లూ ఖాన్ అనే పాల రైతును నడిరోడ్డు మీద గుంపు కొట్టింది. రెండ్రోజులకు చచ్చిపోయాడు. ఆ గుంపు కూడా తాను చేస్తున్నది న్యాయమే అనుకుంది. సినిమాకూ దానికీ సంబంధం అంటగట్టడం లేదు. ఒకే నెలలో రెండూ చూసిన కళ్ళు మావి. చప్పట్లు కొట్టబోయిన చేతులు ఎందుకు తడబడ్డాయో చెబుతున్నాం.

చివరి యుద్ధం వచ్చింది. కట్టప్ప కుర్ర బాహుబలి పక్షాన నిలబడ్డాడు. సైన్యం చాలదు. ఊళ్ళ జనం కర్రలు పట్టుకొచ్చారు. తాటిచెట్లు వంచి వాటి మీద నుంచి మనుషులు కోటలోకి ఎగిరి దూకారు. హాలు నవ్వింది, చప్పట్లు కొట్టింది. మాటిచ్చినవాడు రావాల్సిన ఘడియ అంటే అదే. జానపద కథకు ధర్మం ఒకటుంది. మొదట్లో చీమకు సాయం చేస్తే చివర్లో చీమ వచ్చి తీరాలి. అవ్వ చెప్పే కథలో కూడా ఆ బాకీ ఎగ్గొట్టరు. అస్లాం ఖాన్ రాలేదు. కట్టప్ప కబురు పెట్టలేదు. ఎవరూ అతని పేరెత్తలేదు.

వేషం చిన్నది, కథ పెద్దది, అందర్నీ పిలవలేరు కదా అంటారు. నిజమే. కథకుడి మీద మాకు కక్ష కూడా లేదు. ఆ కథ రాసిన విజయేంద్రప్రసాద్ కథతోనే, మొదటి భాగం వచ్చిన వారానికి, 2015 జులై 17న హిందీలో 'బజ్‌రంగీ భాయిజాన్' వచ్చింది. దారితప్పిన పాకిస్తాన్ ముస్లిం పాపను హనుమంతుడి భక్తుడు ఇల్లు చేరుస్తాడు. చూసి మేమూ ఏడ్చాం. అయితే ఆ పాప మూగది. 2022లో వచ్చిన 'ఆర్.ఆర్.ఆర్.'లో భీముడు అక్తర్ పేరుతో ఢిల్లీలో తలదాచుకుంటాడు. రాముడు అతన్ని ప్రాణంగా చూసుకుంటాడు. అయితే అక్తర్ మారువేషం. ఆ మారువేషపు టోపీ 2020లో టీజర్లో కనపడ్డందుకే గొడవ చేసినవాళ్ళున్నారు. మంచి మనసుతో రాసిన కథల్లో కూడా మాకు దక్కింది ఇంతే. ఒకచోట నోరు లేదు. ఒకచోట మనిషి లేడు. నోరూ ఉండి, మనిషీ ఉండి, సొంత పేరుతో వచ్చిన అస్లాం ఖాన్‌కు రెండోసారి పిలుపు లేదు.

మా ప్రశ్న కథకుడికంటే ఎక్కువ ప్రేక్షకుడికి. కొనసాగింపు సినిమా కోసం ఎదురుచూడ్డమంటే గుర్తుపెట్టుకోవడమే. ఈ జనం ఎంత గుర్తుపెట్టుకున్నారో మేం చూశాం. ఏ కత్తి ఎవరి చేతిలో ఉందో గుర్తు. ఏ విగ్రహం ఎన్నడుగులో గుర్తు. మదన్ కార్కీ పుట్టించిన కాలకేయుల కిలికి భాషను పిల్లలు కంఠతా పట్టి అరుచుకుంటూ తిరిగారు. అర్థంకాని భాష గుర్తుంది. సాఫుగా మనకర్థమయ్యేలా ఒక సాయిబు ఇచ్చిన మాట గుర్తులేదు. అస్లాం ఖాన్ ఏమయ్యాడని అక్కడక్కడా కొందరడిగారు, వాళ్ళకు మా సలాం. కాని కట్టప్ప గురించి కోట్ల నోళ్ళు అడిగిన చోట, ఇతని గురించి ఆ కొన్ని గొంతులు ఎవరికి వినపడతాయి?

జనం గట్టిగా అడిగింది తెర మీదికి వస్తుంది. ఇరవై రెండు నెలల ప్రశ్న మాకు నేర్పింది అదే. అందుకే అడుగుతున్నాం. మీరు కూడా మాతోపాటు అడగండి. అవసరమొస్తే వస్తానన్నవాణ్ణి మీరెందుకు పిలవలేదు?